మూడు కొటేషన్లు, ఒక చవుడు గోడ: అనంతపురంలో ఒక పెయింటింగ్ ఎస్టిమేట్ కేసు

ఇది నేను తప్పు చేసిన కేసు. మొదటి ఎస్టిమేట్ నా చేతులతో రాసిందే, నా సంతకంతో ఇచ్చిందే. పని మొదలైన నాలుగో రోజుకు అది పనికిరాకుండా పోయింది. ఇంటి యజమాని ఎవరో తెలియకుండా వీధి, ఉద్యోగం లాంటి వివరాలు తీసేశాను. రేట్లు ఆ పని జరిగిన నాటివి. ఇవాళ ఎవరైనా ఇవే రేట్లు అడిగితే మేస్త్రీలు నవ్వుతారు.

నేపథ్యం

నేను సివిల్ ఇంజనీరును. చాలా ఏళ్లు సైట్లలో పనిచేసి, ఇప్పుడు సొంత ఇళ్లవాళ్లకు కొలతలు, ఎస్టిమేట్లు, బిల్లుల తనిఖీ చేసి పెడుతున్నాను. ఇల్లు కట్టేటప్పుడు ఇంజనీరును పిలవడం మా ఊళ్లో మామూలే. రంగులు వేయించడానికి పిలవడం మాత్రం అరుదు. "రంగులకు కూడా ఎస్టిమేటా" అని ముందే అనేస్తారు. పిలిచేవాళ్లు సాధారణంగా ఒకసారి మోసపోయినవాళ్లయినా అయి ఉంటారు, మూడు కొటేషన్లు చేతిలో పెట్టుకుని తికమక పడుతున్నవాళ్లయినా అయి ఉంటారు.

ఈ పెద్దాయన రెండో రకం. రిటైరైన ఉద్యోగి. ముప్పై ఏళ్ల నాటి ఇల్లు, కింద తాము, పైన అద్దెకున్నవాళ్లు. నేలకు తాడిపత్రి బండలు, ఇటుక గోడలు, సిమెంటు పూత. మాఘమాసంలో కూతురి పెళ్లి. కింది ఇంటికి లోపల, రెండు అంతస్తులకూ బయట రంగులు వేయించాలి. దసరాకు ముందు నన్ను పిలిచారు.

వచ్చిన సమస్య

మూడు కాగితాలు బల్ల మీద పరిచారు. మొదటి మేస్త్రీ అడుగుకు (చదరపు అడుగుకు) 12 రూపాయలు, మొత్తం 6,800 అడుగులు అన్నాడు. రెండో మేస్త్రీ అడుగుకు 26, మొత్తం 5,900 అడుగులు అన్నాడు. మూడో ఆయన కొలవనే లేదు, ఇల్లంతా ఒక చుట్టు తిరిగి "అంతా కలిపి లక్షా పదివేలు" అని రాసిచ్చాడు.

"ఇల్లు ఒకటే కదప్పా, మూడు కొలతలెట్లొచ్చె?" అన్నారు పెద్దాయన. ఆయన మనసు 12 రూపాయల మీద ఉంది. 26తో పోలిస్తే సగం కంటే తక్కువ కదా.

మొదట చేసిన పని ఆ కాగితాలను చదవడం. 12 రూపాయలు లేబర్ మాత్రమే, రంగు, లప్పం (గోడను నున్నగా చేసే పుట్టీ), ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు కోటు) అన్నీ ఇంటివాళ్లవే. అంటే కూలికే 81,600. దానిమీద సామాను కొంటే లక్షా నలభై వేలు దాటిపోతుంది. 26 రూపాయలు సామానుతో కలిపి, మొత్తం 1,53,400. లక్షా పదివేలలో బయటి గోడలకు ప్రైమర్ లేదు, ఒక్క కోటే. చవగ్గా కనిపించిన 12 నిజానికి చవక కాదు. అన్నిటికన్నా తక్కువైన లక్షా పదివేలేమో సగం పనికి.

తరువాత టేపు తీశాను. లోపల కార్పెట్ ఏరియా, అంటే గోడలు పోను నేల వైశాల్యం, 980 అడుగులు. గోడలు, సీలింగు కలిపి 3,310 వచ్చింది. మేస్త్రీలు నోటిలెక్కగా కార్పెట్ ఏరియాకు మూడున్నర రెట్లు అంటారు. ఈ ఇంట్లో అది 3,430 అవుతుంది, పెద్దగా తేడా లేదు. నోటిలెక్కలను చులకన చేసే ఇంజనీర్లను చాలామందిని చూశాను. ఆ లెక్క ఎక్కడ పనిచేస్తుందో తెలిస్తే చాలు. సీలింగు బాగా ఎత్తున్న పాత మిద్దెల్లోనూ, గోడల నిండా అల్మారాలున్న ఇళ్లలోనూ అది తప్పుతుంది.

బయట చుట్టుకొలత 136 అడుగులు, పిట్టగోడతో కలిపి ఎత్తు 23. మొత్తం 3,128లో తలుపులు, కిటికీలు 288 పోగా 2,840. లోపలా బయటా కలిపి 6,150 అడుగులు.

మొదటి మేస్త్రీ 6,800 ఎలా చెప్పాడంటే, తలుపులు కిటికీలు ఏవీ తీసేయలేదు, ముందువైపు కాంపౌండ్ గోడను కూడా కలిపాడు. కాంపౌండ్ గోడకు రంగు అని ఇంటివాళ్లు అసలు చెప్పలేదు. రెండో మేస్త్రీ లోపల సరిగ్గానే కొలిచాడు, పక్కింటివైపు సందులో పైదాకా వెళ్లలేదు, అక్కడ అతనికే నష్టం.

తలుపులు, కిటికీల దగ్గరే ఎక్కువ గొడవలు వస్తాయి కాబట్టి ఇది కొంచెం వివరంగా చెబుతాను. భారత ప్రమాణాల్లో కొలతల పద్ధతికి ఐఎస్ 1200 ఉంది. దాని ప్రకారం అర చదరపు మీటరు లోపు, అంటే సుమారు 5.4 అడుగుల లోపు ఖాళీని తీసేయనక్కర్లేదు. అక్కడి నుంచి మూడు చదరపు మీటర్ల దాకా, అంటే సుమారు 32 అడుగుల దాకా, గోడకు రెండు పక్కలా ఒకే పని అయితే ఒక పక్క మాత్రమే తీసేయాలి. రెండో పక్క ఎందుకు వదిలేస్తారంటే, తలుపు చుట్టూ గోడ మందానికి కూడా రంగు వేయాలి కదా, ఆ పనికి అది సరిపోతుందని. మామూలు గది తలుపు మూడున్నర అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు, అంటే ఇరవై నాలుగున్నర అడుగులు. కాబట్టి ఒక పక్కే తీసేయాలి. "అన్నీ తీసెయ్యి" అనే యజమానీ, "ఏమీ తీయను" అనే మేస్త్రీ ఇద్దరూ తప్పే. చెక్కిన పలకల తలుపును కూడా కొలిచింది కొలిచినట్టు కాకుండా ఒక్కో పక్కకు 1.3 రెట్లు వేయాలి, ఎత్తుపల్లాలకు రంగు ఎక్కువ పడుతుంది కాబట్టి. పెద్దాయన ఇంట్లో తలుపులు అలాంటివే.

నేను రాసిన మొదటి ఎస్టిమేట్

ఇక్కడే తప్పు చేశాను.

రెండో మేస్త్రీ 26 రూపాయల్లో లోపలి గోడలన్నీ గీకి, రెండుసార్లు లప్పం పెట్టడం ఉంది. గోడలు చూశాను. హాల్లో, ముందు గదిలో నున్నగానే ఉన్నాయి. అక్కడక్కడ బీటలు, మేకుల రంధ్రాలు, అంతే. "ఉన్న ఎమల్షన్ మీద మళ్లీ మొత్తం లప్పం ఎందుకు, మచ్చలకు పెడితే చాలు" అనుకుని ఆ పని కొట్టేశాను. లోపల అడుగుకు 20, బయట 18, తలుపులు, గ్రిల్సుకు విడిగా 14,000 వేశాను. మొత్తం 1,31,320.

పెద్దాయన సంతోషపడ్డారు. ఇరవై రెండు వేలు మిగిలిందన్నారు. అదే రెండో మేస్త్రీని పిలిచి నా కాగితం చూపిస్తే, అతను ఒకసారి చదివి, ఏమీ మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. తన రేటు అంత తగ్గిస్తే బేరమైనా ఆడకుండా ఒప్పుకునే మేస్త్రీని అంతకుముందు నేను చూడలేదు.

వెనకవైపు పడగ్గదిలో పెద్ద బీరువా, దాని పక్కన మంచం, గోడకు ఆనించి పెట్టెలు ఉన్నాయి. వాటి వెనక చూడలేదు. టేపు బీరువా మీదుగా వేసి పొడవు రాసుకున్నాను. చేతిలో టేపు ఉంటే మనసంతా పొడవు, ఎత్తుల మీదే ఉంటుంది. గోడ ఎలా ఉందో పట్టదు.

ఏం జరిగింది

దసరా తరువాత పని మొదలైంది. నాలుగో రోజు ఫోన్. వెళ్లేసరికి వెనక గదిలో బీరువా జరిపి ఉంది. కింద మూడు అడుగుల దాకా గోడ తెల్లటి చవుడుతో, అంటే పైకి తేలిన ఉప్పుతో, పొడిపొడిగా రాలుతోంది. సీలింగు మూలలో గోధుమరంగు మరక. అది ఒక గది సంగతి. హాల్లో మచ్చలకు లప్పం పెట్టబోతే, గీకేచోట పాత ఎమల్షన్ పొర అరటాకులా ఊడి వస్తోంది. దాని కింద డిస్టెంపర్, దాని కింద సున్నం. ముప్పై ఏళ్లలో వేసినవన్నీ ఒకదాని మీద ఒకటి. పైపొర నున్నగా ఉంది, అడుగు పొర సుద్దపొడి. అలాంటిదాని మీద ఎంత మంచి రంగు వేసినా, అది గోడను కాదు, సుద్దను పట్టుకుంటుంది.

మేస్త్రీ ఇంకో 45,000 అడుగుతున్నాడు. పెద్దాయన నా వైపు తిరిగి, "నువ్వు రాసిచ్చిన కాగితమేమాయె నాయనా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

మేస్త్రీని పక్కకు తీసుకెళ్లి అడిగాను, ఇది నీకు ముందే తెలుసా అని. "తెలుసు సార్. మొదటిరోజే గోడ కొట్టి చూసినా, డొల్ల సద్దు వచ్చె. అందుకే మొత్తం లప్పం రాసినా. మీరు కొట్టేసినారు. ఇంజనీరు రాసినాక నేనెందుకు అడ్డం చెప్పేది?" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. అతను వేలి కణుపుతో కొట్టి తెలుసుకున్నది, నేను కళ్లతో చూసి కొట్టేశాను.

పనిచేయని మందు

ఇక్కడ రెండో తప్పు. అందులో ముగ్గురికీ భాగం ఉంది. పెళ్లి తేదీ అందరి మెదడునూ తినేస్తోంది. రంగుల షాపులో చెమ్మకు ఒక కెమికల్ కోటు చెప్పారు. గీకి, అది రెండు చేతులు (రెండుసార్లు) వేసి, పైన లప్పం పెడితే ఇక చింత లేదన్నారు. నాకు అనుమానం ఉంది, అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఇంకో దారి చెప్పాలంటే ముందు నెమ్ము ఎక్కడినుంచి వస్తోందో తెలియాలి, అది తెలియడానికి రోజులు కావాలి. కెమికల్, లప్పం, కూలి కలిపి తొమ్మిది వేల పైచిలుకు అయింది.

మూడు వారాలకు లప్పం మీద చిన్న చిన్న బొబ్బలు లేచాయి. వేలితో నొక్కితే లోపల తెల్లటి పొడి. కారణం తరువాత చెప్పుకుంటే సులువుగానే అనిపిస్తుంది. నీళ్లు గోడలోనుంచి లోపలికి వస్తూనే ఉన్నాయి, వాటితో ఉప్పు వస్తోంది. బయటికి వచ్చే దారి మూసేస్తే ఆ ఉప్పు పూత వెనక గడ్డకట్టి దాన్ని నెట్టేస్తుంది.

మళ్లీ మొదటినుంచి

ఈలోగా మేస్త్రీని బయటి గోడల పనికి పంపాను. అక్కడ వివాదం లేదు కాబట్టి రోజులు వృథా కాలేదు. వెనక గదిలో మాత్రం ఎవరూ ఏమీ ముట్టుకోవద్దన్నాను.

ఒకటిన్నర అడుగు చదరంగా పాలిథీన్ షీటు కోసి, నాలుగు పక్కలా టేపుతో గోడకు అంటించాం. కాంక్రీటుకు చేసే పరీక్ష ఇది, గోడకూ పనికొస్తుంది. కనీసం 16 గంటలు వదలాలి. తెల్లారి చూస్తే షీటుకు గోడవైపు నీటిచుక్కలు. గదివైపు ఉంటే గదిలోని తేమ అనుకునేవాణ్ణి. గోడవైపు అంటే గోడే నీళ్లు తాగుతోంది.

బయటికి వెళ్లి చూస్తే ఆ గోడను ఆనుకునే పూలమడి. కనకాంబరాలు, మల్లె. అమ్మగారు రోజూ పొద్దున పైపుతో తడుపుతారు. బోరు నీళ్లు. మా దగ్గర బోరు నీళ్ల సంగతి తెలిసిందే, బకెట్ ఎండితే అడుగున తెల్ల చార నిలుస్తుంది. ఆ నీళ్లు మట్టిలోంచి ఇటుకలోకి ఎక్కి, లోపలివైపు ఆరిపోయి, ఉప్పును అక్కడే వదిలిపోతున్నాయి. ఎన్నో ఏళ్లుగా.

సీలింగు మరక వేరే కథ అని నాకు అనిపించింది. కింద చవుడుకూ పైన మరకకూ మధ్యలో ఆరేడు అడుగుల గోడ పొడిగా ఉంది. ఒకే నెమ్ము అయితే మధ్యలో అంత దూరం వదలదు. మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాను. అదృష్టం కొద్దీ పైన అద్దెకున్నవాళ్లు కార్తీకంలో నాలుగు రోజులు శ్రీశైలం వెళ్లారు. వాళ్లు వచ్చేసరికి మరక గీతకు బెత్తెడు లోపలికి తగ్గింది. అంటే పై బాత్రూం లీకు. ప్లంబరు నహానీ (నేల మీది నీళ్లు పోయే తూము) దగ్గర తవ్వితే పైపు అతుకు వదులుగా ఉంది.

ఈ పరీక్షల్లో ఏదీ ఖర్చుతో కూడింది కాదు. షీటు, టేపు, పెన్సిలు. మొదటి ఎస్టిమేట్‌కు ముందే చేసి ఉంటే నాకు ఒక వారం పట్టేది. ఆ వారం దండగ అని అప్పుడు అనుకున్నాను.

రెండో ఎస్టిమేట్

ఈసారి కాగితాన్ని రెండు ముక్కలు చేశాను. ఎందుకో చెబుతాను. కొన్ని పనులు ఇవాళే కొలిచి ధర కట్టవచ్చు. కొన్ని గోడ విప్పితే గానీ తెలియవు. రెండింటినీ కలిపి ఒక మొత్తం రాస్తే, మేస్త్రీ తెలియనిదానికి భయపడి ఎక్కువ వేసుకుంటాడు, లేదా తక్కువకు ఒప్పుకుని మధ్యలో పేచీ పెడతాడు. 45,000 పేచీ అలాంటిదే.

మొదటి ముక్కలో కొలిచిన పనులు. లోపల చవుడు గోడ కింది భాగం వదిలి 3,218 అడుగులు, ఈసారి మొత్తం గీకి, రెండు కోట్ల లప్పం, ప్రైమర్, రెండు కోట్ల ఎమల్షన్, అడుగుకు 27. బయట, తలుపులు మొదట రాసినట్టే. మొత్తం 1,52,006. రెండో మేస్త్రీ మొదటిరోజు ఇచ్చిన 1,53,400తో పోల్చి చూసుకోండి. ఆ రోజు అతను రూపాయి ఎక్కువ అడగలేదు. ఈ సంగతి పెద్దాయనకు నేనే చెప్పాను, మేస్త్రీ ముందే. దాచితే వాళ్లిద్దరి మధ్య అనుమానం అలాగే ఉండిపోతుంది.

రెండో ముక్కలో తేలని పనులు, వాటికి మొత్తం కాదు, రేటు మాత్రమే. చవుడు పట్టిన పూత కొట్టేసి మళ్లీ పూయడానికి అడుగుకు 70, పని అయ్యాక ముగ్గురం కలిసి కొలవాలి. అంచనా 92 అడుగులు. ప్లంబరు పని బిల్లు ప్రకారం.

లప్పం లెక్క కూడా మార్చాను. బస్తా మీద రెండుసార్లు పెడితే కిలోకు 20 నుంచి 22 అడుగులు అని ఉంటుంది, నున్నటి గోడకు అది నిజమే కావచ్చు. ఆ లెక్కన 40 కిలోల బస్తాలు నాలుగు చాలాలి. గీకిన పాత గోడ మీద మాకు కిలోకు పదకొండు, పన్నెండు అడుగులకు మించి రాలేదు. ఎనిమిదో బస్తా విప్పాల్సి వచ్చింది.

పెళ్లికి ఆరు వారాలు

అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం వెనక గది గోడదే. పూత కొట్టేసి కొత్తది పూస్తే, క్యూరింగు (పూతను తడుపుతూ గట్టిపరచడం), ఆరడం కలిపి నెల రోజులైనా ఆగకుండా ఎమల్షన్ వేయకూడదు. పైగా ఇటుక ఇంకా తడిగానే ఉంది, మడిలో నీళ్లు ఆపి పది రోజులే అయింది. అప్పుడే పూస్తే కొత్త పూతకూ అదే గతి పడుతుంది, అది పెళ్లికి ముందో తరువాతో చెప్పలేం.

అందుకని పెళ్లికి ముందు ఆ కింది భాగానికి రంగు వద్దన్నాను. పొడి బ్రష్‌తో ఉప్పంతా దులిపేసి, రెండు చేతులు సున్నం కొట్టిద్దామన్నాను. నీళ్లతో కడగొద్దని గట్టిగా చెప్పాను, కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. సున్నం చెమ్మను బయటికి వదులుతుంది, అదే ఇక్కడ కావాల్సింది.

పెద్దాయన ఒప్పుకోలేదు. "వియ్యంకులొస్తారు, పడగ్గదికి సున్నమా?" అన్నారు. ఆయన బాధ అర్థమైంది. ఆయనతో వాదించకుండా రెండు దార్లూ కాగితం మీద పెట్టాను. ఇప్పుడు రంగు వేస్తే అయ్యే ఖర్చు, అది ఊడితే మళ్లీ అయ్యే ఖర్చు, వేసవిలో ఒక్కసారే చేస్తే అయ్యేది. అమ్మగారు ఆ కాగితం చదివి, "ఆ గదిలో సారెపెట్టెలు పెడదాం, గోడ ఎవరు చూస్తారు" అని తేల్చేశారు.

మిగతా గదులు పెళ్లికి వారం ముందు పూర్తయ్యాయి. మార్చిలో చవుడు పూత కొట్టేశాం, చార కనిపించినదానికి ఇంకో అడుగు పైదాకా. ఒక మూల ఉప్పు అనుకున్నదానికంటే పైకి పాకింది, 92 కాస్తా 104 అయింది. రేటు ముందే ఉంది కాబట్టి 7,280 రాసుకున్నాం, ఎవరూ నోరెత్తలేదు. ఇటుకను ఏప్రిల్ చివరిదాకా అలాగే విప్పి వదిలేశాం. అనంతపురం ఎండను తిట్టుకునేవాళ్లమే అందరం, ఆ రెండు నెలలు మాత్రం అదే ఉచితంగా పనిచేసి పెట్టింది. పూతకు బోరు నీళ్లు వాడనివ్వలేదు, మునిసిపల్ కుళాయి నీళ్లు డ్రమ్ముల్లో పట్టించాం. జూన్‌లో రంగు పడింది. బాత్రూం రిపేరు 8,500తో కలిపి అంతా 1,70,000 దగ్గర ఆగింది. కెమికల్ కోటు తొమ్మిది వేలు ఇందులో లేవు. అందులో నా వాటా నేను భరించాను, రెండో ఎస్టిమేట్‌కు ఫీజు తీసుకోలేదు.

ఆ తరువాత నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు టేపు కంటే ముందు చిన్న గీకుడు బ్లేడు తీస్తాను. ప్రతి గదిలో ఒక మూల, కనపడని చోట, రెండడుగుల చదరం గీకి చూసి ఆ తరువాతే రేటు రాస్తాను. ఇల్లు పాడుచేస్తారేమో అని కొందరు అడ్డం చెబుతారు. అలాంటివాళ్లకు లోపలి పని రేటు ఇవ్వను, బయటిది మాత్రం ఇస్తాను. బీరువాలు జరిపించకుండా కొలత మొదలుపెట్టను.

మేస్త్రీ ఎక్కువ రాసిన పనిని కొట్టేసే ముందు, ఎందుకు రాశావని అతన్నే అడుగుతాను. ఈ ఒక్క ప్రశ్న ఆ రోజు అడిగి ఉంటే ఈ కేసు రాయాల్సిన పని ఉండేది కాదు.

ఫీజు విషయం. నేను అడుగుల లెక్కనో, ఖర్చులో శాతంగానో తీసుకోను, ఒకే మొత్తం. శాతం తీసుకుంటే ఖర్చు పెరిగేకొద్దీ నాకు లాభం. రంగుల షాపుల నుంచి కూడా ఏమీ తీసుకోను. డబ్బాల్లో, బస్తాల్లో పెయింటర్లకు టోకెన్లు (డబ్బుగా మార్చుకునే చీటీలు) వస్తాయన్నది అందరికీ తెలిసిందే, అది మేస్త్రీ రాబడి, దానికి నేను అడ్డం రాను. ఎస్టిమేట్ రాసేవాడికి కూడా ఆ అలవాటు ఉంటే, అవసరం లేని చోట కూడా మొత్తం లప్పం అనే మాట తేలిగ్గా వచ్చేస్తుంది. నాకు దీనికి ఎదురు జరిగింది, తగ్గించి చూపించాలన్న ఆత్రంలో అవసరమైన లప్పం కొట్టేశాను. పిలిచినందుకు ఎంతో కొంత మిగిల్చి చూపించాలనే ఒత్తిడి మా పనిలో ఎప్పుడూ ఉంటుంది. ఇరవై రెండు వేలు మిగిలిందన్నప్పుడు పెద్దాయన ముఖంలో సంతోషం చూసి నాకూ గర్వమనిపించింది, ఒప్పుకోవాలి.

మరుసటి అక్టోబరులో వానల తరువాత ఆ ఇంటికి వెళ్లి అదే గోడకు మళ్లీ షీటు అంటించాను. తెల్లారికి చుక్క లేదు. ఎడమ మూల బండ దగ్గర వేలి మందాన సన్నటి తెల్లగీత ఒకటి కనిపించింది. పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాను. కనకాంబరాలు కాంపౌండ్ గోడ పక్కన కుండీల్లో ఉన్నాయి. అమ్మగారు మాత్రం, మడిలో ఉన్నప్పుడు పూసినట్టు ఇప్పుడు పూయడం లేదని అన్నారు.